ఒక డబ్బా మందు కోసం హైటెక్ సిటీ దాకా

నేను హైదరాబాద్ వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధిలో అందరూ అడిగింది ఒకటే: "హైటెక్ సిటీ చూసినావా సిస్టరమ్మా?" చూశాను. లోపల ఒక రోజంతా కూర్చుని, అక్కడి అన్నం తిని, అక్కడి మైకులో మాట్లాడి, సిగ్గుపడి కూడా వచ్చాను. వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇంకా కోపం దిగలేదు, కాబట్టి అక్కడక్కడా గొంతు పెరిగితే మన్నించండి.

మాది కర్నూలు జిల్లాలో నాపరాళ్ళ గనుల మధ్య ఒక చిన్న ఊరు. ప్రభుత్వ క్షయ కేంద్రంలో నేను హెల్త్ విజిటర్‌ని. దగ్గేవాళ్ళకు కళ్ళె పరీక్ష చేయించడం, రోగం తేలితే ఆరు నెలలు మందు మింగించడం, మింగనివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి తిట్టడం నా పని. ఇందులో అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుంది. మందు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆపితే రోగం మొండికేస్తుంది, తర్వాత అదే మందు వేసినా లొంగదు. మధ్యలో ఆపేట్టయితే అసలు మొదలుపెట్టకపోవడమే మేలు.

ఆ నియమం రోగులు తప్పితే నేను తిడతాను. ఈసారి తప్పింది ప్రభుత్వం. నెల రోజులుగా మాకు మందు రావడం లేదు. రాయి కోసే వీరన్న అనే పేషెంటుకు కోర్సులో ఒక నెల అయింది, ఐదు నెలలు మిగిలాయి. మా బీరువాలో ఉన్నది నాలుగు రోజుల మాత్రలు. బజారులో కొందామంటే వీరన్న కూలి చాలదు, నేను నా జీతంలోంచి అప్పటికే ముగ్గురికి కొంటున్నాను.

సరిగ్గా అప్పుడే జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. హైదరాబాద్‌లో కొత్తగా కట్టిన హైటెక్ సిటీలో ఎయిడ్స్ మీద ఒక రోజు సదస్సు, మా కేంద్రం నుంచి ఒకరు రావాలి, దారి ఖర్చులు వాళ్ళవే. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది. అయినా మందు పంపే గిడ్డంగి కూడా హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి ఇన్ని మందులు కావాలని రాసిన ఇండెంటు కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. వీరన్న భార్య చేతిలో గురువారం దాకా మాత్రలు పెట్టి, శుక్రవారం పొద్దున మాత్ర వేళకు తిరిగొస్తానని మాటిచ్చాను.

చందానగర్

కాచిగూడలో రైలు దిగి చందానగర్ బస్సెక్కాను. పక్క సీటాయన మా సీమ మనిషే, కడప వైపు. భూముల వ్యాపారమట. నేను కర్నూలని తెలియగానే సంచిలోంచి మ్యాపు తీశాడు.

"హఫీజ్‌పేటలో ఒక ప్లాటు ఏసుకోక్కా. ఈ పొద్దు రాళ్ళే, రేపు బంగారం."

"రాళ్ళు మా ఊర్లోనూ ఉండాయి నాయనా. అవి యాభై ఏండ్లయినా బంగారం కాలేదే."

"మీ ఊరికి ఎవురొస్తారక్కా? ఈడికి ప్రపంచమే వచ్చాంది" అన్నాడు. ఆ మాట నిజమే. దారి పొడవునా బోర్డుల మీద కంప్యూటర్లు, వాటి మధ్య ఎర్ర రిబ్బను వేసిన ఎయిడ్స్ బోర్డులు. ఒక్కొక్కటి మా కేంద్రం కన్నా వెడల్పు. క్షయ గురించి ఒక్కటైనా కనిపిస్తుందేమోనని చివరిదాకా చూశాను, లేదు.

చందానగర్‌లో మా చెల్లెలు గ్రేస్ ఉంటుంది. అక్కడే ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో నర్సు. బజారు ఇంటి గుమ్మం దాకా వచ్చేసింది. టమాటా మా ఊరి ధరకు రెట్టింపు, నీళ్ళు రోజు విడిచి రోజు. నా సంచి సర్దుతూ గ్రేస్ నాలుగు కళ్ళె డబ్బాలు బయటికి తీసి, "పెళ్ళికి పోతా పిల్లిని చంకన బెట్టుకోని పోయినట్టు, ఇవెందుకే అక్కా?" అని నవ్వింది. ఇరవై ఏళ్ళ అలవాటు. పర్సు మర్చిపోతానేమో గానీ ఆ మూత డబ్బాలు లేకుండా గడప దాటను.

హైటెక్ సిటీ

మర్నాడు కొత్తగూడ దాకా షేర్ ఆటో, అక్కడి నుంచి ఇంకో ఆటో. "మీటర్ గీటర్ లేదమ్మా, ముప్పై ఇయ్యుండ్రి. రోడ్డు కొత్తదే గాని పెట్రోలు పాతదే గద" అన్నాడు డ్రైవరు. రెండు పక్కలా బండలు, జామతోటలు, ఉన్నట్టుండి ఎండలో మెరిసే అద్దాల భవనం. గేటు దగ్గర గార్డు సంచి వెతికి, డబ్బా ఒకటి పట్టుకుని, "ఇదేంది మేడమ్?" అన్నాడు. చెప్పాను. ఆ తర్వాత సంచిలో మిగతావి చూడలేదు.

లోపల చలి. మెళ్ళో వేసుకోవడానికి ఒక బిళ్ళ, ఎర్ర రిబ్బను టోపీ, ఒక తోలు సంచి, అందులో ఖరీదైన కాగితం మీద అచ్చేసిన పుస్తకం ఇచ్చారు. హాల్లో నా పక్క కుర్చీలో నలభై లోపు మనిషి, నలిగిన నేతచీర, మోచేతుల దాకా పచ్చబొట్లు. ఆ టోపీల గుంపులో నాకు మనిషిలా కనిపించింది ఆమె ఒక్కతే. నవ్వితే నవ్వింది. తర్వాత దగ్గింది.

ఆ దగ్గు నాకు తెలుసు. లోపలి నుంచి తవ్వుకుని వచ్చే దగ్గు. పనివాడిని పిలిచి కిటికీ తెరవమన్నాను.

"తెరుచుకోవు మేడమ్. ఈ బిల్డింగుల ఒక్క కిటికీ గూడ తెరుచుకోదు. అంతా ఏసీ."

మా వార్డులో గోడల కన్నా కిటికీలు ఎక్కువ. దగ్గే మనిషి ఉన్న గదిలో గాలి ఆడాలన్నది మేం నేర్చుకునే మొదటి పాఠం. ఇక్కడ రెండు వందల మంది ఒకే గాలిని తిప్పి తిప్పి పీలుస్తున్నారు, వాళ్ళలో సగం మంది డాక్టర్లు. నేను అలవాటు కొద్దీ కుర్చీని ఆమెకు ఎదురు కాకుండా పక్కకు జరుపుకున్నాను. మేం పేషెంటుతో ఎప్పుడూ అలాగే కూర్చుంటాం.

ఆమె చూసింది. "మీరు గూడ జరిగిండ్రా అమ్మా" అంది మెల్లగా.

"నీ దగ్గు చూసి జరిగినానమ్మా, నిన్ను చూసి కాదు. ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు నెలలాయె."

"కళ్ళె పరీక్ష చేసినారా?"

"అదేంది?" అంది. ఇంతలో మైకు మోగింది.

మైకు ముందు

ఛాతీ జబ్బుల పెద్ద డాక్టరొకరు లేచి తెర మీద ఒక బొమ్మ చూపించారు. ఎయిడ్స్‌కు ఇచ్చే డబ్బు తాటిచెట్టంత, క్షయకిచ్చేది తుమ్మిమొక్కంత. మలేరియా, విరేచనాలు ఆ మొక్క పక్కన గడ్డి. "చంపేదేది, డబ్బు దేనికి?" అని ఆయన అడిగితే నా రక్తం ఉడికింది. సదస్సు పెట్టిన అధికారి కోస్తా మనిషి, నెమ్మదస్తుడు.

"వరద ఇంట్లోకి వచ్చాక గట్టు వేస్తామంటే ఎలాగండి? ఎయిడ్స్‌కు మందు లేదు. అవగాహన ఒక్కటే మందు. పైగా ఈ డబ్బు బయటి నుంచి దీని కోసమే వస్తోందండి, మనం అటూ ఇటూ కదపలేం."

ఆయన మాట్లాడినదాంట్లోనూ న్యాయం ఉంది. అది ఇప్పుడు అంటున్నాను. అప్పుడు మాత్రం వీరన్న మాత్రలు గుర్తొచ్చి చెయ్యెత్తాను. మైకు చేతికొచ్చింది. మా బీరువా ఖాళీ సంగతి చెప్పాను, టోపీ ఎత్తి చూపించి దీని ధరకు ఎన్ని మాత్రలొస్తాయని అడిగాను. అక్కడితో ఆపాల్సింది. ఆపలేదు. "మా వాళ్ళకు రాతి దుమ్ము రోగం తెచ్చింది. వీళ్ళు తిరిగి తిరిగి తెచ్చుకున్నారు. తెచ్చుకున్నవాళ్ళకు తాటిచెట్టు, బతకడానికి చాకిరీ చేసేవాళ్ళకు తుమ్మిమొక్కా?" అన్నాను.

చప్పట్లు. వెనక వరసలో ఎవరో ఈల కూడా వేశారు. నేను గర్వంగా కూర్చున్నాను.

తర్వాత అధికారి ఎయిడ్స్‌తో బతుకుతున్న ఒక సోదరి మాట్లాడుతుందని ప్రకటించారు. నా పక్కనున్న మనిషి లేచింది. కొంగు తల మీదికి లాక్కుని వేదికెక్కింది.

పేరు యాదమ్మ, పాలమూరు నుంచి మేస్త్రీ పనికొచ్చిన కుటుంబం. "నా రోగం నేను దెచ్చుకోలే" అంది, నా వైపు చూడకుండానే. "నా పెనిమిటి దెచ్చిండు. ఆయన ఏడ దెచ్చుకున్నడో అడుగుదామంటే ఇగ లేడు. ఈ బిల్డింగు స్లాబుకు మేమిద్దరం తట్టలు మోసినం. అప్పుడు మస్తు గాలొస్తుండె." రెండు నిమిషాలు మాట్లాడి, దగ్గొచ్చి ఆగిపోయింది. శాలువా కప్పారు. మళ్ళీ చప్పట్లు, నాకు కొట్టిన చేతులే.

భూమి చీలితే బాగుండుననుకున్నాను. ఇరవై ఏళ్ళుగా నా పేషెంట్లను ఊళ్ళో వెలేస్తుంటే నేను పోట్లాడాను. ఆ నోటితోనే ఈ మాట అన్నాను.

నిలబడి తినే అన్నం

మధ్యాహ్నం బఫే. ఎర్ర అన్నం, పనీరు, మూడు రకాల తీపి, ఐస్‌క్రీము. అందరూ చేతిలో ప్లేటుతో నిలబడి, ఏ చేత్తో తినాలో తెలియక తిరుగుతున్నారు. మా ఊళ్ళో నిలబడి తినేది గొడ్లే. యాదమ్మ ఒక మూల పెరుగన్నంతో నిలుచుంది, ఆమె చుట్టూ మంచం పట్టేంత ఖాళీ. నేను వెళ్ళి ఎదురుగా కాకుండా పక్కనే నిలబడ్డాను.

"తప్పు మాట్లాడినాను యాదమ్మా."

"ఇడువుండ్రి అక్కా. గిసొంటి మాటలు రోజు ఇంటనే ఉంట. మీరు జెర మైకుల అన్నరు, గంతే."

ఈ రోగానికి ఏం మందులిస్తున్నారని అడిగాను. ఆమె నవ్వింది. ఇది నాలుగో మీటింగట. నాలుగు శాలువాలొచ్చాయి. మందు ఒక్కటీ రాలేదు. దగ్గు సంగతి ఎవరూ అడగలేదు, తూకం చూడలేదు. ఎయిడ్స్ మనిషిని చంపేది చాలాసార్లు క్షయే అని ఆ ఖరీదైన పుస్తకంలో పన్నెండో పేజీలో రాసి ఉంది. రాసినవాళ్ళే ఆమెను నాలుగుసార్లు వేదిక ఎక్కించి దించారు.

ఆ తాటిచెట్టు డబ్బు ఆమెకు చేరిందని నేను కోపగించుకున్నాను. ఆమెకు చేరింది శాలువా.

కొత్తగూడ

కళ్ళె పరీక్షకు తెల్లవారగానే వచ్చే మొదటి కళ్ళె కావాలి. అందుకని యాదమ్మ చెప్పిన గుర్తుల మీద మర్నాడు, బుధవారం పొద్దున్నే కొత్తగూడ వెళ్ళాను. జామతోట వెనక కూలీల గుడిసెలు. యాదమ్మను బయట బండ మీద ఎండకు ఎదురుగా కూర్చోబెట్టి, గాలి నా వీపు నుంచి వచ్చేలా నిలబడి, లోతుగా దగ్గించి డబ్బాలో పట్టాను. అక్కడ గాలికి కరువు లేదు.

పని అయ్యాక జొన్నరొట్టె పెట్టింది. మా రొట్టె పలుచన, దాని మీదికి చెనక్కాయల పొడి. వీళ్ళది మందం, పచ్చిమిరప తొక్కు. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, రొట్టె మాత్రం మాకన్నా మెత్తగా ఉంది. పక్క గుడిసెల ఆడవాళ్ళు నేను ఆమె చేతి రొట్టె తినడం దూరం నుంచి చూశారు. నేను ఇంకొకటి అడిగి తిన్నాను.

డబ్బా గ్రేస్ వాళ్ళ ల్యాబులో ఇచ్చి, నేను మందుల గిడ్డంగికి సిటీలోకి వెళ్ళాను. అక్కడ మూడు గంటలు నిలబడితే ఇండెంటు చూసిన పెద్దాయన, "కొత్త సరుకు రావాల్నమ్మా. ఆఖర్ల గీ ఒక్కటుంది" అని చెప్పుల పెట్టంత అట్టడబ్బా ఇచ్చాడు. ఒక్క మనిషికి ఐదు నెలల మందు. వీరన్నకు సరిగ్గా సరిపోతుంది. ఆ డబ్బాను చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని చందానగర్ వచ్చాను.

గ్రేస్ గుమ్మంలోనే నిలబడి ఉంది. "మూడు ప్లస్సు అక్కా" అంది. కళ్ళెలో పురుగులు ఇంతకన్నా ఎక్కువుంటే రాయడానికి గుర్తు లేదు.

ఏ కౌంటరు?

అదే మధ్యాహ్నం నేనూ గ్రేసూ యాదమ్మను తీసుకుని ఆ ప్రాంతపు క్షయ కేంద్రానికి వెళ్ళాం. గుమస్తా చీటీ చూసి, "రేషన్ కార్డున్నదా? కిరాయి చిట్టీ?" అన్నాడు.

"గుడిసెకు కిరాయి చిట్టీ ఎవడిస్తడు సారూ?" అంది యాదమ్మ.

"అడ్రసు లేకుంటే రాసుకోనీకి రాదు. పని ఐపోంగనే మీరు వేరే ఊరు వోతరు. సగంల ఆపితే ఎవరిది జిమ్మెదారి?"

నేను పోట్లాడబోయి నోరు మూసుకున్నాను. ఆ గుమస్తా తప్పు మాట అనలేదు. గనుల దగ్గర ఒడిశా కూలీలు వచ్చినప్పుడు ఆ ప్రశ్నే నేనూ అడిగాను. చిరునామా లేదని ఎంతమందిని వెనక్కి పంపానో నాకు లెక్క లేదు. వాళ్ళు గేటు దాటాక ఎక్కడికి వెళ్ళారో ఒక్కసారీ ఆలోచించలేదు.

ఎస్టీడీ బూతు నుంచి సదస్సు అధికారికి ఫోను చేశాను. మంచాయనే, విని నొచ్చుకున్నారు. "కానీ క్షయ మందు మా పద్దులో కొనకూడదండి. ఆడిట్లో పట్టుకుంటారు. ఆవిడ్ని వచ్చే నెల సభకు పిలుస్తాం, అక్కడ మీరూ ఈ విషయం లేవనెత్తండి" అన్నారు.

ఫోను పెట్టేశాను. యాదమ్మకున్నవి రెండు ఊపిరితిత్తులు. ఒకటి ఎయిడ్స్ పద్దులో, ఇంకొకటి క్షయ పద్దులో పెట్టి దేవుడు పంపలేదు. వేదిక మీద ఏ రోగానికి ఎంత అని కోడిపుంజుల్లా మమ్మల్ని పోట్లాడించారు. మేం పోట్లాడాం కూడా. రెండు రోగాలూ ఉన్న మనిషి రెండు కౌంటర్ల మధ్య నిలబడి ఉంటే ఏ పుంజుకూ కనిపించలేదు.

హఫీజ్‌పేట్ స్టేషన్

గురువారం సికింద్రాబాద్ వెళ్ళే లోకల్ కోసం హఫీజ్‌పేట్ స్టేషన్‌కు వచ్చాను. యాదమ్మ అప్పటికే వచ్చి బెంచీ మీద కూర్చుని ఉంది, కొంగులో నాలుగు జామకాయలు. నా ఒళ్ళో అట్టడబ్బా.

ముందు రాత్రంతా నాకు నిద్ర లేదని దాచను. ఒక నెల మందు తక్కువైనా ఆ డబ్బా ఈమె చేతిలో పెట్టి వెళ్ళిపోవచ్చు. అప్పుడు వీరన్న రేపు పొద్దున మందు ఆపుతాడు, ఆపితే మొండి రోగం. వీరన్నకు తీసుకెళితే ఈమె ఇలాగే దగ్గుతూ ఇంకో మీటింగుకు వెళ్తుంది. చెరి సగం చేస్తే ఇద్దరూ సగంలో ఆగుతారు, అది అన్నిటికన్నా పాపం. తెర మీద తాటిచెట్టు బొమ్మ గీసినవాళ్ళు గానీ, దాన్ని కదపలేమన్నవాళ్ళు గానీ ఈ బెంచీ మీద ఒక్క పది నిమిషాలు కూర్చోవాలి. ఈ లెక్క తేల్చమని నెలకింత జీతమిచ్చి పెట్టుకున్నది వాళ్ళను. దాన్ని ఒక హెల్త్ విజిటర్ ఒళ్ళో పడేశారు.

డబ్బాలో ఏముందో ఆమెకు గ్రేస్ చెప్పినట్టుంది.

"అది మీ ఊరాయనకు గద. తీస్కపోండ్రి" అంది. "ఆయనది నడుస్తున్నది. నాది ఇంక షురూ గాలె."

మా నియమం నాకే అప్పజెప్పింది. రైలొచ్చింది. జామకాయలు నా సంచిలో పెట్టింది. నేను డబ్బా పట్టుకుని ఎక్కాను. కిటికీలోంచి చెయ్యి ఊపడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

మా ఊరు

శుక్రవారం పొద్దున వీరన్న వేళకే వచ్చాడు. నా ఎదుట మాత్రలు మింగి, నోరు తెరిచి చూపించాడు. డబ్బా వైపు మురిపెంగా చూసి, "ఐదరాబాదులో ఈ మందులు శానా ఉంటాయేమో కదా సిస్టరమ్మా? అంత పెద్ద ఊరు" అన్నాడు.

"ఉంటాయి" అన్నాను. మందు విషయంలో పేషెంటుకు నేను అబద్ధం చెప్పడం అదే మొదలు.

రెండో అబద్ధం అతను వెళ్ళగానే రాశాను. వచ్చే నెల ఇండెంటులో మందు రావాలంటే రిజిస్టరులో పేరుండాలి, పేరుండాలంటే చిరునామా ఉండాలి. రిజిస్టరు తెరిచి కొత్త పేషెంటు గడిలో యాదమ్మ అని రాశాను. కళ్ళె, మూడు ప్లస్సు. సరుకు ఆరు నెలలకూ చేతికొచ్చాకే మొదలుపెడతాం. నేను పంపుతాను, గ్రేస్ రోజూ కొత్తగూడ వెళ్ళి ఎదురుగా నిలబడి మింగిస్తుంది. చిరునామా గడిలో మా ఇంటి నంబరు వేశాను.

ఈ సంగతి అచ్చులో చెబుతున్నానంటే మతి లేక కాదు. తనిఖీకి వచ్చేవాళ్ళు రావచ్చు. యాదమ్మ ఈ ఇంట్లో ఉంటుందా అని అడిగితే ఉంటుందనే చెబుతాను. కూర్చోబెట్టి, కిటికీలన్నీ తెరిచి, ఆ తర్వాత నేనూ వాళ్ళను ఒక ప్రశ్న అడుగుతాను: మరి ఎక్కడుండాలి ఆమె?